135 పాయింట్ల సీజన్, ఏడు మ్యాచ్‌ల ప్లేఆఫ్: బ్రూయిన్స్ బాల్కనీ టికెట్టుకి నా రివ్యూ

రెగ్యులర్ సీజన్‌కి ఐదుకి ఐదు. ప్లేఆఫ్స్‌కి రెండు. దయచేసి ఈ రెండూ కలిపి సగటు తియ్యకండి. జట్టు ఒకటే, గేటు ఒకటే, కుర్చీ కూడా ఒకటే కావచ్చు, కానీ కొనుక్కునే సరుకు వేరు. 2022–23లో బోస్టన్ బ్రూయిన్స్ ఐస్ హాకీ జట్టుని అక్టోబరు నుంచి ఏప్రిల్ ఆఖరి దాకా చూసినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది తెనాలి. ఉండేది బోస్టన్‌కి వాయవ్యంగా ఉన్న లోవెల్‌లో, పని ఫార్మసీలో. మా అబ్బాయి ఊళ్లో రింక్‌లో స్కేటింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాక ఐస్ హాకీ మా ఇంట్లోకి వచ్చింది. ఇప్పుడు కొత్తగా ఇటు వచ్చిన తెలుగువాళ్లు కలిసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటుంది: "టీడీ గార్డెన్‌కి ఒకసారి వెళ్దామనుకుంటున్నాం, అంత డబ్బు పెట్టొచ్చా, మనకి అర్థమవుతుందా?" వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. అడిగినవాళ్లందరికీ ఆ ఒక్క సీజన్ గురించే చెబుతుంటాను. ఈ ఆట ఇవ్వగలిగిందంతా, లాక్కోగలిగిందంతా అందులోనే ఉంది.

ముందు స్థలం సంగతి. బ్రూయిన్స్ ఆడే స్టేడియం టీడీ గార్డెన్ సరిగ్గా నార్త్ స్టేషన్ పైనే ఉంటుంది. లోవెల్ నుంచి వచ్చే కమ్యూటర్ రైలు అక్కడే ఆగిపోతుంది. ఆరెంజ్, గ్రీన్ లైన్లు కూడా అక్కడికే వస్తాయి. రైలు దిగి, చలిలో అడుగు పెట్టకుండానే పైకెళ్లిపోవచ్చు. జనవరిలో పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇది ఎంత సుఖమో వెళ్తే గానీ తెలియదు. 1995లో కట్టారు, హాకీకి 17,850 మంది పడతారు. బయట బ్రూయిన్స్ పాత ఆటగాడు బాబీ ఓర్ గాల్లో తేలుతున్నట్టున్న కంచు విగ్రహం ఉంది. 1970లో, ప్లేఆఫ్స్ గెలిచినవాళ్లకిచ్చే స్టాన్లీ కప్ తెచ్చిన గోలు కొట్టిన క్షణం అది. పిల్లల్ని అక్కడ నిలబెట్టి ఫొటో తీయని తల్లిదండ్రుల్ని నేను చూడలేదు. బ్యాగులు లోపలికి రానివ్వరు, చేతిలో పట్టే చిన్న పర్సు వరకే. ఒంటి మీద స్వెటర్ ఉంచుకోండి, కింద ఉన్నది మంచు.

నేను ఎప్పుడూ కొనేది పైన బాల్కనీ. కింద గ్లాసు పక్కన కూర్చుంటే ఆటగాళ్లు ఢీకొనే చప్పుడు గుండెల్లో మోగుతుంది, నిజమే. కానీ ఆట అర్థం కావాలంటే పైనుంచే చూడాలి. టీవీలో పక్, అంటే బంతి బదులు ఆడే రబ్బరు బిళ్ల, ఎటు పోయిందో కనపడక చాలామంది మొదటి పావుగంటకే వదిలేస్తారు. బాల్కనీ నుంచి పక్‌ని వెతకనక్కర్లేదు, పదిమంది ఎటు కదులుతున్నారో చూస్తే అది ఎక్కడుందో దానంతటదే తెలుస్తుంది. జట్టుకి గోలీతో (గోల్‌కీపర్) కలిపి ఆరుగురు, ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు. ముప్పావు నిమిషం పాటు ప్రాణం పెట్టి పరిగెత్తి, ఆట నడుస్తుండగానే గోడ దూకి బయటికి వచ్చేస్తారు, ఇంకో ఐదుగురు దూకుతారు. ఆ సంవత్సరం మా మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నారు. వయసులో ఉండగా కబడ్డీ ఆడిన మనిషి. మొదటిసారి బాల్కనీలో కూర్చోబెడితే పది నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, "వీళ్లూ కూత అయ్యేదాకానే ఉంటున్నారమ్మా లోపల" అన్నారు. అంతే, ఆయనకి ఆట వచ్చేసింది.

గెలిస్తే రెండు పాయింట్లు, ఓవర్‌టైమ్‌లోనో (స్కోరు సమమైతే ఇచ్చే అదనపు సమయం) షూటౌట్‌లోనో (ఒక్కొక్కరుగా గోలీ మీదికెళ్లి కొట్టడం) ఓడితే ఒకటి. 82 మ్యాచ్‌లు. ఈ లెక్కలో బ్రూయిన్స్ ఆ సీజన్ చేసింది ఇదీ: 65 గెలుపులు, 12 ఓటములు, 5 ఓవర్‌టైమ్ ఓటములు, 135 పాయింట్లు. నేషనల్ హాకీ లీగ్ చరిత్రలో అంతకుముందు ఎక్కువ గెలుపులు 62. 1995–96లో డెట్రాయిట్, 2018–19లో టాంపా బే సాధించాయి. ఎక్కువ పాయింట్లు 132, 1976–77లో మాంట్రియల్‌వి. రెండు రికార్డులూ ఒకే వసంతంలో పోయాయి.

అక్టోబరులో టికెట్లు కొన్నప్పుడు ఇదేమీ ఎవరికీ తెలియదు. ఆ వేసవిలోనే కోచ్ బ్రూస్ కాసిడీని తీసేశారు, జిమ్ మాంట్‌గొమరీ వచ్చాడు. బ్రాడ్ మార్షాండ్‌కి రెండు తుంటి ఎముకలకీ ఆపరేషన్, చార్లీ మెకవాయ్‌కి భుజానికి ఆపరేషన్, ఇద్దరూ మొదట్లో లేరు. కెప్టెన్ పాట్రిస్ బెర్జెరాన్ మరొక్క ఏడాది ఆడతానని చాలా తక్కువ జీతానికి సంతకం పెట్టాడు. డేవిడ్ క్రేచీ ఒక సీజన్ చెక్ దేశంలో ఆడి, తిరిగొచ్చాడు. పత్రికల్లో అందరిదీ ఒకటే మాట: పెద్దవాళ్లకిది వీడ్కోలు ఏడాది, ప్లేఆఫ్స్‌కి చేరితే గొప్ప.

ఆ జట్టు సొంత గడ్డ మీద మొదటి 14 మ్యాచ్‌లూ వరుసగా గెలిచింది. ఏ జట్టూ సీజన్ అలా మొదలుపెట్టలేదు. ఆ వరస తెగింది డిసెంబరు 5న, షూటౌట్‌లో, వెగాస్ చేతిలో. వెగాస్ కోచ్ ఎవరనుకున్నారు, బోస్టన్ పంపేసిన కాసిడీయే. ఇక మామూలు సమయంలో సొంత గడ్డ మీద మొదటి ఓటమి జనవరి 12న గానీ రాలేదు, సియాటిల్ చేతిలో. అంటే దసరా వెళ్లాక టికెట్టు కొన్నవాళ్లు దాదాపు సంక్రాంతి దాకా ఏ రోజు వెళ్లినా, అరవై నిమిషాల్లో ఓడిపోయిన ఆట చూసి ఇంటికి రాలేదు. వినోదానికి డబ్బిచ్చి ఇంత భరోసా నేను ఇంకెక్కడా పొందలేదు.

గెలుపులే అయితే విసుగొస్తుంది కదా అని అడిగారొకరు. రాలేదు. ఎందుకంటే ప్రతి రాత్రీ ఇంకొకరు గెలిపించేవారు. డేవిడ్ పాస్టర్నాక్ 61 గోల్స్, వేరేవాళ్ల గోల్స్‌కి అందించిన పాస్‌లతో కలిపి 113 పాయింట్లు. అతను మంచు మీద గీసిన ఎడమ సర్కిల్‌లో కర్ర ఎత్తి నిలబడితే చాలు, పద్దెనిమిది వేలమంది ముందుగానే లేచి నిలబడేవారు. బెర్జెరాన్‌ది వేరే అందం. ఆట మొదలుపెట్టేప్పుడు ఇద్దరి మధ్య పక్ పడేసే ఫేస్ఆఫ్‌లో దాన్ని గెలుచుకుని, ఎదుటివాడి దారిలో ముందే నిలబడి, గోల్ పడకుండా చేసే పని. చప్పట్లు రాని పని. ఆ పనికిచ్చే సెల్కీ ట్రోఫీని ఆ ఏడాది ఆరోసారి తీసుకున్నాడు. లీగ్‌లో అన్నిసార్లు తీసుకున్నవాడు ఇంకొకడు లేడు. జనవరి 2న ఫెన్వే పార్క్ బేస్‌బాల్ మైదానంలో మంచు వేసి ఆడిన వింటర్ క్లాసిక్‌లో జేక్ డెబ్రస్క్ రెండు గోల్స్ కొట్టి పిట్స్‌బర్గ్ మీద 2–1తో గెలిపించాడు. ఫిబ్రవరి 25న వాంకూవర్‌లో అయితే గోలీ లీనస్ ఉల్మార్క్ తన గోల్ దగ్గర నుంచి ఖాళీగా ఉన్న అవతలి గోల్‌లోకి పక్ కొట్టేశాడు. గోలీ గోలు కొట్టడం ఎంత అరుదో మా అబ్బాయి వాళ్ల తాతయ్యకి వారం రోజులు వివరించాడు.

నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనది మ్యాచ్ అయిపోయాకే ఉండేది. ఇద్దరు గోలీలు, ఉల్మార్క్, జెరెమీ స్వేమన్. ఒకే ఉద్యోగం కోసం పోటీపడాల్సినవాళ్లు. గెలిచిన ప్రతిసారీ ఇద్దరూ ఎదురుబొదురు స్కేట్ చేసుకుంటూ వచ్చి, చేతులు చాపి, గట్టిగా కౌగిలించుకునేవారు. దాన్ని చూడ్డానికే మేం రైలు తప్పిపోతుందని తెలిసీ కూర్చునేవాళ్లం. ఉల్మార్క్ 40 గెలుపులు, స్వేమన్ 24, మూడో గోలీ కీత్ కింకెయిడ్ ఆడిన ఒక్క మ్యాచ్‌లో ఒకటి. మొత్తం 65. ఉల్మార్క్‌కి ఉత్తమ గోలీగా వెజీనా ట్రోఫీ వచ్చింది. కానీ అంత తాజాగా ఏడాదంతా ఆడగలగడానికి కారణం రెండోవాడు ఉండటమే. ఒకడు ఆడితే ఒకడు విశ్రాంతి తీసుకునేవాడు. 135 పాయింట్ల వెనక ఉన్న అసలు పద్ధతి ఇదే, ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక ప్లేఆఫ్స్. ఇక్కడ ఒక సంగతి మనవాళ్లకి ముందే చెప్పాలి. ఐపీఎల్‌లో పట్టికలో మొదటి రెండు స్థానాల్లో ఉంటే, ఒక మ్యాచ్ ఓడినా క్వాలిఫయర్ రెండు ఉంటుంది. ఇక్కడ అది లేదు, ఒకే ప్రత్యర్థితో ఏడు మ్యాచ్‌ల వరకూ ఆడి, ముందు నాలుగు గెలిచినవాళ్లు ముందుకెళ్తారు, ఓడినవాళ్లు ఇంటికే. ఎక్కువ పాయింట్లకి ప్రెసిడెంట్స్ ట్రోఫీ ఇస్తారు, ఏడో మ్యాచ్ దాకా వెళ్తే సొంత గడ్డ ఇస్తారు, అంతే. ఆ తర్వాత అందరూ సున్నా నుంచే. ఆ ట్రోఫీ తీసుకుని అదే ఏడాది స్టాన్లీ కప్ కూడా గెలిచిన ఆఖరి జట్టు 2013 నాటి చికాగో, ఆ తర్వాత 2025 దాకా ఇంకెవరి వల్లా కాలేదు. టాంపా బే 62 గెలుపుల తర్వాత 2019లో కొలంబస్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడిపోయింది. "మొదటివాడికి ఇంకో అవకాశం ఉండదా?" అని మామయ్యగారు రెండుమూడుసార్లు అడిగారు. ఉండదు మామయ్యగారూ.

మొదటి రౌండులో ఎదురుపడింది ఫ్లోరిడా పాంథర్స్. 92 పాయింట్లు, తూర్పు విభాగం నుంచి ప్లేఆఫ్స్‌కి చేరినవాళ్లలో ఆఖరి చోటు. బోస్టన్ కంటే 43 పాయింట్లు తక్కువ. అయితే ఆ అంకె కింద దాగిన ఒక నిజం ఉంది. అంతకుముందు ఏడాది 122 పాయింట్లతో ప్రెసిడెంట్స్ ట్రోఫీ తీసుకుంది ఈ పాంథర్సే. పైగా బ్రూయిన్స్ ఆ సీజన్లో వరుసగా మూడు ఓడింది ఒకే ఒక్కసారి, జనవరి ఆఖర్లో, ఆ మూడింట్లో ఒకటి ఈ పాంథర్స్ చేతిలోనే.

ఏప్రిల్ 13న సీజన్లో ఆఖరి మ్యాచ్ మాంట్రియల్‌లో. రికార్డులు రెండూ అప్పటికే చేతిలో ఉన్నాయి. బెర్జెరాన్ తను పుట్టిన క్విబెక్ రాష్ట్రంలో ఆడదామని దిగాడు, దెబ్బ తగిలి మధ్యలోనే వెళ్లిపోయాడు. వెన్నులో డిస్క్ జారిందని తర్వాత బయటపడింది. పాంథర్స్‌తో మొదటి నాలుగు మ్యాచ్‌లకీ అతను లేడు. క్రేచీ కూడా మధ్యలో కొన్ని ఆడలేదు. జట్టులో నంబర్ వన్, నంబర్ టూ సెంటర్లు (ముందు వరసలో మధ్యన ఆడేవాళ్లు) ఇద్దరూ.

అయినా ముందంజ బోస్టన్‌దే. ఏప్రిల్ 17, బోస్టన్ మారథాన్ జరిగిన సోమవారం, మొదటిది 3–1తో గెలిచారు. రెండోది 3–6తో పోయింది. ఫ్లోరిడా వెళ్లి 4–2, 6–2. సిరీస్ 3–1. ఇంకొక్కటి చాలు.

ఆ ఒక్కటీ చూద్దామని ఏప్రిల్ 26న ఐదో మ్యాచ్‌కి టికెట్టు కొన్నాను. ఒక రీసేల్ యాప్‌లో, నవంబరులో అదే వరసకి ఇచ్చినదానికి మూడింతలు పెట్టి. గేటు దాటగానే తేడా తెలిసింది. నవంబరులో నా చుట్టూ పిల్లలు, పాప్‌కార్న్, నవ్వులు. ఆ రాత్రి అందరి మొహాల్లోనూ ఒకటే బిగువు. బెర్జెరాన్ తిరిగొచ్చాడని స్క్రీన్ మీద వేయగానే పైకప్పు ఎగిరిపోయేంత అరుపు. అతను గోలు కూడా కొట్టాడు. మూడుసార్లు వెనకబడి మూడుసార్లు సమం చేశారు. 3–3 దగ్గర, మామూలు సమయంలో ఆఖరి క్షణాల్లో మార్షాండ్ ఒక్కడే పక్‌తో గోలీ మీదికి దూసుకెళ్లాడు. ఎదురుగా సెర్గీ బోబ్రోవ్‌స్కీ తప్ప ఎవరూ లేరు. బోబ్రోవ్‌స్కీ ఆపేశాడు. అక్కడ పడి ఉంటే ఈ రివ్యూ వేరేలా ఉండేది.

ప్లేఆఫ్ ఓవర్‌టైమ్‌లో షూటౌట్లు ఉండవు. ముందు ఎవరు గోలు కొడితే వాళ్లదే, అర్ధరాత్రి దాటినా సరే. ఆరో నిమిషం దాటాక ఉల్మార్క్ గోల్ వెనక్కి వెళ్లి పక్ బయటికి కొట్టబోయాడు. ఫ్లోరిడావాళ్లు మీద పడ్డారు, పక్ జారి మాథ్యూ కచక్ దగ్గరికి వచ్చింది, గోల్ ముందు కాపు లేదు. అంతే. పద్దెనిమిది వేలమంది ఒక్కసారిగా నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో ఆ రోజు విన్నాను. మా అబ్బాయి కుర్చీలోంచి లేవలేదు. పక్క వరసలో ఒక పెద్దాయన వాడి భుజం తట్టి వెళ్లాడు.

ఆరో మ్యాచ్‌లో మూడో పీరియడ్‌లో 5–4 ఆధిక్యంలో ఉండి, 5–7తో ఓడారు. అప్పటికి ఆరు మ్యాచ్‌లూ ఉల్మార్కే ఆడాడు. గాయంతో ఆడుతున్నాడన్న మాట ఊరంతా వినపడుతోంది. స్వేమన్ పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. ఆరు నెలలపాటు ఇద్దరినీ మార్చి మార్చి ఆడించి రికార్డు కొట్టిన కోచ్, సరిగ్గా అవసరమైన చోట ఆ పద్ధతిని పక్కనపెట్టాడు. ఫ్లోరిడా మాత్రం అలెక్స్ లయన్‌తో మొదలుపెట్టి, మధ్యలో ధైర్యంగా బోబ్రోవ్‌స్కీకి మారింది. మాంట్‌గొమరీకి ఆ ఏడాది ఉత్తమ కోచ్‌గా జాక్ ఆడమ్స్ అవార్డు వచ్చింది, రెగ్యులర్ సీజన్‌కి అది నూటికి నూరుపాళ్లూ న్యాయం. కానీ నేను ప్లేఆఫ్స్‌కి కోసిన మూడు మార్కుల్లో రెండు ఈ ఒక్క నిర్ణయానికే. ఓడిపోయినందుకు కాదు. తమని తాము నమ్మకపోయినందుకు.

ఏడో మ్యాచ్‌కి స్వేమన్ వచ్చాడు. ఏప్రిల్ 30, ఆదివారం సాయంత్రం. టికెట్టు ధర చూసి ఇంట్లోనే కూర్చున్నాం. 0–2 నుంచి క్రేచీ, బెర్టూజీ, పాస్టర్నాక్ గోల్స్‌తో 3–2కి వచ్చారు. గడియారం ఆఖరి నిమిషంలోకి జారుతుండగా ఫ్లోరిడా గోలీని తీసేసి ఆరో ఆటగాణ్ణి దింపింది, బ్రాండన్ మాంటూర్ సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో తొమ్మిదో నిమిషంలో కార్టర్ వెర్‌హేగీ కొట్టింది లోపలికెళ్లింది. మామయ్యగారు లేచి టీవీ కట్టేయబోతే మా అబ్బాయి వద్దన్నాడు. ఇరుజట్లూ వరసలో నిలబడి చేతులు కలుపుకుంటున్నాయి. అది అయ్యాక బెర్జెరాన్ తోటివాళ్లని ఒక్కొక్కరినీ పట్టుకుని కౌగిలించుకుంటున్నాడు. చూసి మా వాడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. జూలైలో బెర్జెరాన్, ఆగస్టులో క్రేచీ ఆట మానేశారు.

అదే ఏడాది నవంబరు 19న మనవాళ్లు వరల్డ్ కప్‌లో పది మ్యాచ్‌లు వరుసగా గెలిచి, అహ్మదాబాద్‌లో ఫైనల్ ఓడిపోయారు. మర్నాడు తెనాలి నుంచి మామయ్యగారు ఫోన్ చేసి, మనవడితో మాట్లాడాలన్నారు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. పదకొండు మ్యాచ్‌ల్లో పదింటిని లెక్కలోంచి తీసేయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అలాగే ఆ 65 గెలుపుల్నీ ఏడు మ్యాచ్‌లు చెరిపేశాయంటే ఒప్పుకోను. నేను డబ్బిచ్చి కొన్నది ఆ రాత్రుల్ని. అవి నాకు పూర్తిగా ముట్టాయి.

తర్వాత జరిగింది కూడా చెప్పేస్తే టికెట్టు కొనేవాళ్లకి పనికొస్తుంది. ఆ ఏడాది పాంథర్స్ ఫైనల్ దాకా వెళ్లి కాసిడీ కోచ్‌గా ఉన్న వెగాస్ చేతిలో ఓడింది, 2024లోనూ 2025లోనూ కప్ గెలిచింది. ఆ రెండో కప్ ఎత్తినవాళ్లలో మార్షాండ్ ఉన్నాడు. 2025 మార్చిలో బోస్టన్ అతన్ని ఫ్లోరిడాకే ఇచ్చేసింది. ఉల్మార్క్ 2024లో ఒట్టావా వెళ్లాడు, ఆ కౌగిలింత ఇక లేదు. మాంట్‌గొమరీని 2024 నవంబరులో తీసేశారు, ఆ సీజన్లో బ్రూయిన్స్ ప్లేఆఫ్స్‌కే చేరలేదు. అంటే ఇప్పుడు మీరు కొనేది 135 పాయింట్ల జట్టుకి టికెట్టు కాదు. పాస్టర్నాక్, మెకవాయ్, స్వేమన్ ఉన్నారు, నాకు అది చాలు.

మొదటిసారి వెళ్లేవాళ్లు నవంబరులో మంగళవారమో గురువారమో చూసుకోండి, శనివారం ధరలు ఎక్కువ, మాంట్రియల్ గానీ న్యూయార్క్ గానీ వస్తే ఇంకా ఎక్కువ. బాల్కనీలో ముందు వరసలు. ఆటకి అరగంట ముందే లోపల ఉండండి, ఇరుజట్లూ వార్మప్‌కి వస్తాయి, పిల్లలకి ఆటగాళ్లు దగ్గరగా కనపడేది అప్పుడే. శాకాహారులకి లోపల పెద్దగా ఏమీ ఉండదు, ఫ్రైస్, ప్రెట్జెల్, పాప్‌కార్న్‌తో సరిపెట్టుకోవాలి. కాస్త ముందొస్తే నార్త్ ఎండ్ నడిచే దూరమే, హనోవర్ స్ట్రీట్‌లో భోంచేసి రావచ్చు. ప్లేఆఫ్ టికెట్టు కొనేట్టయితే సిరీస్‌లో మొదటిదో రెండోదో కొనండి, ముగించే మ్యాచ్ చూద్దామని ఐదోదానికి మూడింతలు పెట్టకండి. తిరుగు రైలు వేళ ముందే చూసిపెట్టుకోండి, ప్లేఆఫ్ ఓవర్‌టైమ్ దానికోసం ఆగదు.